సమస్యాపూరణం: “కొమ్ములున్నవాడె కొలువు దీరె”

నిర్వాహకుడు: పాత వారపత్రిక వెనక అట్ట మీద ఓనిడా టీవీ ప్రకటనలోని దెయ్యం మళ్లీ కనిపించింది. ఆ కొమ్ములూ ఆ తోకా చూడగానే పై పాదం తట్టింది. దాన్నే చివరి పాదంగా పెట్టి, అందులోని చిక్కు విడేలా పద్యం అల్లాలి. పూరణలు పాత ప్రకటనల చుట్టూ తిరగాలి. “నీకేమైనా కొమ్ములు మొలిచాయా” అన్న నానుడి దారి తొక్కవద్దు. ఋష్యశృంగుణ్ణి కూడా తేవద్దు, ఆయనకున్నది ఒక్క కొమ్మే.

వశిష్ఠ:

తోక యూపుకొనుచు తొంగి చూచుచు వచ్చి
పొరుగు వారి కండ్లు పొగలు గక్క
రంగు టీవి పైన రాజసమ్మొలికించి
కొమ్ములున్నవాడె కొలువు దీరె.

లంక మాష్టారు: ధార బాగుంది నాయనా. పొరుగువాడి ఈర్ష్యనే సరుకుకు గొప్పగా చూపిన ప్రకటన అది. దాని సారమంతా నీ రెండో పాదంలో ఉంది. అయితే చిక్కు విడలేదు. కొమ్ములున్నవాణ్ణి కొమ్ములున్నవాడిగానే కూర్చోబెట్టావు. ఇందులో పూరించిందేమిటి?

గౌతమి:

కప్పుమీద వెదురు గట్టిగా నిలిపిన
కడ్డులన్ని నింగి గాలి నూగ
ఆదివార ముదయమందరున్ రాగానె
కొమ్ములున్నవాడె కొలువు దీరె.

ఇంటి కప్పుకు కొమ్ములున్నవాడు, అంటే యాంటెన్నా ఉన్న ఆసామి. 1987 జనవరి 25న రామాయణం మొదలైన తరువాత ఆదివారం పొద్దున్న వీధి వీధంతా ఒక్క ఇంటి వసారాలో కూర్చునేది. సీతారాములకంటే ముందు వచ్చేవి సబ్బులు, పళ్లపొడులు, టీపొడులు. హిందీ ఒక్క ముక్క రాని పిల్లలు నిర్మా పాటను పొల్లుపోకుండా పాడేవారు. అరుగు మీద చోటు ఎవరికివ్వాలో, తలుపు ఎప్పుడు మూయాలో ఆ ఆసామే నిర్ణయించేవాడు. అది కొలువు కాక మరేమిటి?

వశిష్ఠ: గౌతమి గారూ, ఈ విరుపు ముందు నా దెయ్యం వెలవెలబోయింది. కాకపోతే మా అంతర్వేది వైపు యాంటెన్నాకు సరుగుడు కర్రే పాతేవారు. “వెదురు” తీసి “సరుగు” వేసినా గణం (అక్షరాల కొలత) చెడదు. సముద్రపు గాలికి అది తిరిగిపోతే ఒకడు పెంకుల మీదకెక్కి “వచ్చిందా?” అని అరిచేవాడు, కిందనుంచి పదిమంది “రాలేదు” అనేవారు.

లంక మాష్టారు: ఊహ మెచ్చదగినది. కానీ “నూగ” తరువాత “ఆదివార” ఏమిటమ్మా? ద్రుతం (మాట చివరి నకారం) ఉన్నచోట “నాదివార” కావాలి. ఇంత మంచి పద్యంలో విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేయడం, పంటి కింద రాయిలా తగిలింది.

గౌతమి: “నాదివార” అన్నా యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ పొందిక) నిలుస్తుంది మాష్టారూ, తెలుసు. పాదం చివర విసంధిని ఈనాటి కవులు చాలామంది ఒప్పుకుంటున్నారు. వినేవాడి చెవికి ఆదివారం ఆదివారంగానే తగలాలని అలా ఉంచాను, అలాగే ఉంచుతాను. మీ పూరణ కోసం చూస్తున్నాను.

లంక మాష్టారు:

పసుపు నూరి రాయు పడతుల దినమేగె
ట్యూబులోన పసుపు కూడి వచ్చె
సంత వీధి నాడు శనివార ముదయాన
కొమ్ములున్నవాడె కొలువు దీరె.

ఇవి పసుపు కొమ్ములు. టీవీలో వికో టర్మరిక్ ప్రకటన రాకముందు మా లంకల్లో కొబ్బరి చెట్ల మధ్య పండిన పసుపుదే రాజ్యం.

గౌతమి: కొమ్ములను పసుపు వైపు తిప్పడం నిజంగా గొప్పగా ఉంది. కానీ రెండో పాదం చూడండి మాష్టారూ. “ట్యూ”కూ “కూ”కూ యతి ఎక్కడిది? వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా కాదు. “గొట్టమందు పసుపు కూడి వచ్చె” అంటే చక్కగా కుదిరేది. విసంధికి నన్ను నిలదీసిన వారి పద్యంలో ఏకంగా యతిభంగం!

వశిష్ఠ: మాష్టారు వస్తువు మీద మనసు పెడితే యతిని మరిచిపోతారు. పోయిన సమస్యలో ఆయన నిర్మా పద్యం గుర్తుందా? సర్ఫ్ ప్రకటనలోని లలితాజీకి భయపడి నిర్మా పుట్టిందన్నట్టు రాశారు. జరిగింది తలకిందులు. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో కలిపిన పొడిని సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. ఆ చవక పొడి సర్ఫ్ అమ్మకాలకు ఎసరు పెట్టాక, 1980లలో, దానికి జవాబుగా వచ్చిన గృహిణి లలితాజీ. బేరమాడి, లెక్క చూసి కొనే ఆవిడ తీరు మన మండపేట సంతలో ఏ ఇల్లాలిదైనా కావచ్చు. అందుకే ఆ పద్యంలోని తప్పు నన్ను ఇంకా బాధిస్తోంది.

లంక మాష్టారు: ఆ పద్యంలో నేను కాలక్రమం చెప్పలేదు, ఇద్దరి పోటీ చెప్పాను. మళ్లీ చదువు నాయనా. “గొట్టమందు” మాత్రం తీసుకుంటున్నాను, బాగుంది.

వైనతేయ: అందరూ టీవీ దగ్గరే ఆగిపోయారు. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు మొదలైంది 1976లో. అంతకు చాలా ముందే తెలుగువాడు ప్రకటనతో పత్రికను పోషించాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ పసుపుపచ్చ సీసా రాబడే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికకు, 1924లో భారతి సాహిత్య మాసపత్రికకు ఊపిరి. భారతిలో అచ్చయిన పద్యాలు చదివి ఛందస్సు నేర్చుకున్న ఇళ్లు ఈ గోదావరి ఒడ్డున ఎన్ని ఉన్నాయో! మనం ఇక్కడ యతి గురించి పోట్లాడుకుంటున్నామంటే ఆ తలనొప్పి మందుకు కూడా కొంత ఋణపడి ఉన్నాం. ఒక సమస్య ఆయన పేరన ఇవ్వండి.

నిర్వాహకుడు: ఇస్తున్నాను. ఈ వారం మెప్పు గౌతమి గారి యాంటెన్నాకు, విసంధితో సహా. మాష్టారి పసుపు కొమ్ములు దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగాయి. ఇక వచ్చే వారానికి వైనతేయ గారు కోరిన పాదం, ఇప్పటిలాగే ఆటవెలది ఛందస్సులోనే:

“తలకు నొప్పి వచ్చి ధన్యుడయ్యె”