మూతపడ్డ కల్లు మండువ చరిత్ర ఎట్ల తీయాలె?

ప్రశ్న: పర్వతగిరి దిక్కు మా ఊర్లె పాత కల్లు మండువ మూతపడ్డది. కుండలు పెట్టే అరుగు ఒక్కటే మిగిలింది. ఎప్పటిదో, ఎవరు నడిపిన్రో ఎక్కడ దొరుకుతదన్నా?

జవాబు: ముందుగాల సర్వే నంబరు పట్టు తమ్ముడూ. తహసీల్ ఆఫీసుల 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) నకలు అడుగు. పట్టాదారు (భూమి ఎవరి పేర ఉందో), కాస్తుదారు (ఎవరు సాగు చేసిన్రో) పేర్లు రెండూ రాసుకో. ఇంకా పాత కాయితాలల్ల ఫసలీ సాలు (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) ఉంటది, ఇంగ్లీషు సాలు కావాలంటే 590 కలపాలె: 1340 అంటే 1930-31. శానమంది ఇక్కడనే తప్పుతరు.

జవాబు: పహాణీ భూమి సంగతే చెప్తది. కల్లు లైసెన్సు ఎవరి పేర ఉండెనో తెల్వాలంటే ఎక్సైజ్ ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతోని సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. గీత సొసైటీ (కల్లు గీసేటోళ్ల సంఘం) పేరు, చెట్ల లెక్క, ఏండ్లు విడివిడిగ అడుగు. ఉత్తగ ‘చరిత్ర ఇవ్వండి’ అంటే ఏం రాదు.

జవాబు: మండువ ఎందుకు మూతపడ్డదో రాసేటప్పుడు పైలం: 1993 అక్టోబర్‌ల సర్కారు బంద్ పెట్టింది సారాను, కల్లును కాదు. రెండూ కలిపి రాయకు.