షీటు పేర్ల కింద వత్తులు తెగిపోతున్నాయి, బగ్ ఎట్లా చెప్పాలి?

కోవూరు గుమాస్తా:

అందరికీ నమస్కారం. మాది కోవూరు దగ్గర పల్లె, రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పోయినేడు పాత కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసుకొని పద్దులన్నీ లిబ్రేఆఫీస్ కాల్క్‌లోకి, అంటే ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రాములోకి, ఎక్కించాను. నెల్లూరోళ్లం కదా, వడ్లు కొనేది పుట్టి లెక్కన, 850 కిలోలకు ఒక పుట్టి. కాబట్టి షీట్ల పేర్లు కూడా తెలుగులోనే పెట్టుకున్నా.

బాధ ఏందంటే, కింద షీటు పేర్లలో వత్తులు తెగిపోతున్నాయి. ‘పుట్లు’లో ల వత్తు కనపడదు, ‘బస్తాలు’లో త వత్తు సగమే. ‘తవుడు అమ్మకం’ కూడా అంతే. ‘కాటా’, ‘కూలి’, ‘బాడుగ’ మాత్రం శుభ్రంగా ఉండాయి. మా ఓనరు చూసి “పుటు ఏందయ్యా, చదువుకున్నోడివి” అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

లిబ్రేఆఫీస్ వాళ్ల బగ్‌జిల్లాలో, అంటే తప్పులు (బగ్‌లు) చెప్పుకునే వెబ్‌సైటులో, ‘తెలుగు సరిగ్గా కనపడటం లేదు’ అని ఒక్క ముక్క రాసి, ఫోనుతో స్క్రీను ఫోటో తీసి పెట్టా. ఒకాయన ఏవో వివరాలు అడిగి స్టేటస్ ‘నీడ్‌ఇన్ఫో’ అని మార్చాడు. కొట్టేసినట్టేనా? నా ఇంగ్లీషు అంతంత మాత్రం.

దర్శి లైనక్స్:

కొట్టేయలేదన్నా. ఇంకొంచెం వివరం ఇస్తే చూస్తామని దాని అర్థం. వివరం రాశాక స్టేటస్‌ని మీరే మళ్లీ ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ (ఇంకా నిర్ధారించనిది) చేయండి, లేకపోతే చూసేవాళ్ల వరసలోకి రాదు. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతేనే మూసేస్తారు.

అడిగిన ఆయనకు తెలుగు రాదు, అది మనసులో పెట్టుకొని రాయండి. మీ ఫోటోలో ‘పుట్లు’ చూస్తే ఆయన కంటికి గుండ్రటి గీతలు, అంతే. అందులో ఒక అక్షరం పోయిందని ఎట్లా తెలుస్తుంది? అదే మాటను లిబ్రేఆఫీస్‌లోనే ఉత్తరాలు రాసే రైటర్‌లో పెద్ద సైజులో కొట్టి ఒక స్క్రీన్‌షాట్, షీటు పేరుది ఒక స్క్రీన్‌షాట్, రెండూ పక్కపక్కన పెట్టండి. తెగిన చోట ఎర్ర సున్నా చుట్టండి. ‘కింది భాగం పోతే ఇది వేరే మాట అవుతుంది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పొడి ఇంగ్లీషుకు అక్కడ ఎవరూ వంక పెట్టరు. హెల్ప్‌లో అబౌట్ తెరిచి అక్కడున్న వెర్షన్ వివరాలు మొత్తం కాపీ చేసి అతికించండి.

మిల్లు ఫైలు మాత్రం పెట్టొద్దు! బగ్‌జిల్లాలో పెట్టింది లోకమంతా చూస్తుంది. రైతుల పేర్లు, బాకీలు అందులో ఉంటాయి. కొత్త ఫైలు తెరిచి మూడు ఖాళీ షీట్లకు ఆ పేర్లు పెట్టి అది ఇవ్వండి.

ఇంకో సంగతి. వత్తు లేని పేర్లు బాగున్నాయని మీరు గమనించారే, అసలు దారి అదే. లిబ్రేఆఫీస్ 5.3 వెర్షన్, అంటే 2017 నుంచి అక్షరాలు పేర్చే పని అన్ని సిస్టమ్‌ల మీదా హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాముదే. వత్తు తప్పు చోట పడితే పేర్పులో తేడా. చోటు సరిగ్గా ఉండి అడుగు తెగితే ఎత్తు లెక్కలో తేడా. మీది రెండోది. ‘పుట్లు’ అని ఒక ఫోల్డరు చేసి చూడండి. అక్కడా తెగితే కాల్క్ తప్పు కాదు.

పొదిలి టీచర్:

మెనూలో తెలుగు మాట తప్పుగా ఉంటే దారి వేరు. అది కోడు కాదు, అనువాదం. లిబ్రేఆఫీస్ వాళ్ల అనువాదాల వెబ్‌సైటు వెబ్‌లేట్‌లో ఖాతా తెరిచి మనమే సరైన మాట సూచించవచ్చు. మా బడిలో కంప్యూటర్లకు నేను అట్లానే చేస్తున్నా.

కోవూరు గుమాస్తా:

ఫోల్డరులోనూ తెగింది! అప్పుడు గుర్తొచ్చింది, సంక్రాంతికి ఒక కరపత్రం కోసం దించుకున్న తెలుగు ఫాంటు ఒకటి ఉంది, పేర్లకు కూడా సిస్టమ్ దాన్నే వాడుతున్నట్టుంది. అది తీసేసి లాగవుటయ్యి వస్తే అన్నీ సరిగ్గా ఉండాయి. కానీ ఆ ఫాంటు అక్షరం నాకు చానా ఇష్టం. వదులుకోవాల్సిందేనా?

దర్శి లైనక్స్:

అక్కర్లేదు. అక్షరాలు కూర్చునే గీతకు కింద ఎంత చోటు కావాలో ఫాంటే ఒక అంకెలో చెబుతుంది. ఇంగ్లీషు జీ, వై తోకలకు సరిపడా ఇచ్చి వదిలేస్తే మన వత్తులు దాన్ని దాటి దిగుతాయి, దాటింది తెగుతుంది. ఫాంట్లు దిద్దే ఫాంట్‌ఫోర్జ్ ప్రోగ్రాములో తెరిచి ఎలిమెంట్, ఫాంట్ ఇన్ఫో, ఓఎస్/2, అందులో మెట్రిక్స్ చూడండి. డిసెంట్ అని ఉన్న అంకెలు, వత్తు అడుగు ఎక్కడిదాకా దిగిందో రెండూ రాసుకొని ఫాంటు చేసినవాళ్లకు పంపండి. అంకెలతో వెళ్తే పని తొందరగా అవుతుంది.

కోవూరు గుమాస్తా:

బగ్‌జిల్లాలో జరిగింది రాసి, ఆయన సమయం తీసుకున్నందుకు క్షమించమన్నా. ఆయన ‘నాట్ అవర్ బగ్’ (మా తప్పు కాదు) అని మూసి, కారణం వెతికి చెప్పినందుకు థాంక్స్ అని రాశాడు.

ఫాంటు చేసినాయన తెలుగాయనే. రెండు బొమ్మలూ అంకెలూ పంపిన నాలుగో రోజుకు సరిచేసిన ఫైలు ఇచ్చి పరీక్షించమన్నాడు. ‘పుట్లు’, ‘బస్తాలు’, ‘అమ్మకం’ నిండుగా కనపడుతున్నాయి. ‘ఇతర రాష్ట్రం’ షీటులో మాత్రం ట కింద ర వత్తు అంచు ఇంకా కొంచెం తెగుతోంది. దానికి వేరే బొమ్మలు తీసి, పాతదానితో కలపకుండా విడిగా రాశా.