కన్నవాళ్ల అనుమానానికి హత్య కేసులో ఎంత విలువ ఇవ్వాలి?

ప్రశ్న, దేవరకొండ నుంచి:
2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో, అమ్మాయిల హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో కింది కోర్టు ఒక యువకుడికి శిక్ష వేయగా, 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అతను నేరం చేయలేదని, అసలువాళ్లు వేరే ఉన్నారని ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు నిందితుడి పక్షాన నిలబడ్డారంటే వాళ్ల మాటలో ఎంతో కొంత సత్తువ ఉండి ఉంటుంది. దాన్ని మొదట్లోనే పట్టించుకుని ఉంటే ఒక మనిషి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉండేవాడు కాడని నా వాదన.

నల్లగొండ న్యాయవాది:
మీ ఆవేదన న్యాయమైనదే గాని, రెండు వేరు వేరు సంగతులను కలిపేశారు. హైకోర్టు విడుదల చేసింది ప్రాసిక్యూషన్ సాక్ష్యం నిలవనందుకే తప్ప, తల్లిదండ్రులు నమ్మనందుకు కాదు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. ఆ మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, అది దొరకడానికి సంబంధించినంత మేరకే చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో 25, 27 సెక్షన్లు చెప్పింది ఇదే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 23వ సెక్షన్ చెబుతున్నదీ ఇదే. కళ్లారా చూసిన సాక్షి లేనప్పుడు ‘చేసి ఉండవచ్చు’ అనే మాట చాలదని, ‘చేసే ఉండాలి’ అనేంత గట్టిగా ప్రతి లంకె కలవాలని 1984లో శరద్ బిరదీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కన్నవాళ్లు వేలెత్తి చూపినవాళ్లకు కూడా ఇదే కొలత వర్తించాలి, లేకపోతే జైలు నుంచి ఒక నిర్దోషి బయటికి వచ్చి ఇంకొక నిర్దోషి లోపలికి పోతాడు.

కల్వకుర్తి నుంచి:
మా పెద్దబాపు ఇరవై ఏళ్ల కింద వ్యవసాయ బావిలో శవమై తేలాడు. గెట్టు పంచాయితీ ఉన్న పాలోళ్ల మీద మా నాయనమ్మకు అనుమానం. పంచనామాలో ‘ఒక జత చెప్పులు’ అని రాశారు. బావి గడ్డ మీద ఉన్నది ఒక్కటే, కుడికాలి చెప్పు. తెగిన పట్టీని సుతిలి తాడుతో కట్టుకున్నది, అది నేను కళ్లారా చూశాను. ఎడమ చెప్పు ఎక్కడ పడిందో వెతికి ఉంటే, ఆయన కాలు జారి పడ్డాడా, లేక వేరే చోటు నుంచి తెచ్చి వేశారా అన్నది కొంతైనా తేలేది. నాయనమ్మ అనుమానం నిజమని ఈనాటికీ నేను అనలేను, అబద్ధమనీ అనలేను. రెండిళ్ల మధ్య రాకపోకలు లేవు, ఒకరింట్లో చావైతే ఇంకొకరు గడప దాటి పోరు. అందుకే వకీలు గారి మాటను సగమే ఒప్పుకుంటాను. అనుమానంతో శిక్ష వేయరాదు, నిజమే. కానీ ఎక్కడ వెతకాలో చెప్పగలిగేది ఇంటివాళ్లే కదా.

దేవరకొండ నుంచి, మళ్లీ:
వకీలు గారి సవరణను స్వీకరిస్తున్నాను. అయితే ఇబ్రహీంపట్నం కేసులో తర్వాత జరిగింది కూడా చూడండి. కోర్టులో ఉండవలసిన రికార్డులు, వస్తువులు ధ్వంసమయ్యాయని బయటపడింది; 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది; 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి అవశేషాలకు మళ్లీ పరీక్షలు చేశారు. పన్నెండేళ్ల తర్వాత బిడ్డ సమాధిని తవ్వించుకోవలసి వచ్చిన తల్లిదండ్రులకు ‘మీది అనుమానమే’ అని ఎలా చెప్పగలం? అనుమానం తీర్చగలిగే వస్తువును భద్రపరచవలసిన బాధ్యత వాళ్లది కాదు గదా.

నల్లగొండ న్యాయవాది:
ఆ బాధ్యత ముమ్మాటికీ వాళ్లది కాదు, అక్కడ మీతో నాకు వాదన లేదు. కల్వకుర్తి మిత్రులకు ఒక మాట. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు నోటీసు ఇచ్చి, వాళ్ల మాట వినకుండా మెజిస్ట్రేట్ కేసు మూసివేత నివేదికను ఆమోదించరాదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మీ నాయనమ్మకు అలాంటి నోటీసు వచ్చిందా? అసలు ఎఫ్ఐఆర్ అయిందా, లేక అనుమానాస్పద మృతిగా రాసి వదిలేశారా?

కల్వకుర్తి నుంచి:
నోటీసు ఏదీ రాలేదు. పంచనామా నకలు మాత్రం నాయనమ్మ సందూకులో దొరికింది. ఎఫ్ఐఆర్ సంగతి రేపు స్టేషన్‌కు పోయి అడుగుతాను.