చెన్నైలో ఉద్యోగం మాని కలంకారీ పని పెట్టుకోవాలంటే ముందు ఏ లెక్కలు చూసుకోవాలి?

ప్రశ్న (షోళింగనల్లూరు నుంచి)

నమస్కారం. మాది శ్రీకాళహస్తి. ఓఎంఆర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి నాలుగేళ్ల ఏడు నెలలైంది, చేతికి నెలకు 78,000 రూపాయలు వస్తున్నాయి. చిన్నతనంలో పెదనాన్నగారి దగ్గర నేర్చుకున్న కలం పనిని రెండేళ్లుగా శని, ఆదివారాల్లో మళ్లీ చేస్తూ ఇప్పటికి పదకొండు దుపట్టాలు అమ్మాను. ఒక్కోటి 4,500కు ఇచ్చాను, బట్టకూ రంగులకూ 1,100 దాకా అయింది. ఈ మధ్య మీటింగులో కూర్చున్నా నోట్‌బుక్ అంచున లతలే గీస్తున్నాను. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాలని ఉంది. షుగర్ ఉన్న మా అమ్మ నాతోనే ఉంటుంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (మైలాపూరు నుంచి)

నేను తొమ్మిదేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగం వదిలి చేతికుట్టు పుస్తకాల పని పెట్టుకున్నాను కనుక అడుగుతున్నాను. ఆ పదకొండు మందిలో మీకు ముక్కూ మొహం తెలియనివారు ఎందరు? ఒక దుపట్టాకు ఎన్ని గంటలు పడుతోంది?

ప్రశ్నించినవారు

తెలియనివారు ముగ్గురే. మిగతావారు ఆఫీసువాళ్లు, బంధువులు. ఆరబెట్టే సమయం కాక 22 గంటలు పడుతోంది.

జవాబు (మైలాపూరు నుంచి)

అయితే లెక్క ఇలా వస్తుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇరవై అయిదు రోజులు చేస్తే రెండు వందల గంటలు, అంటే తొమ్మిది దుపట్టాలు. ఖర్చులు పోను ఒక్కోదానికి 3,400 మిగిలితే నెలకు 30,600. అయితే ఫొటోలు తీయడానికీ, అడిగినవారికి జవాబులివ్వడానికీ, పార్శిళ్లు కట్టడానికీ మూడో వంతు సమయం పోతుందన్నది నా సొంత అనుభవం కనుక, ఆరు దుపట్టాలే అనుకోండి. అప్పుడు 20,400 వస్తుంది. అన్నీ అమ్ముడుపోతేనే సుమండీ! 4,500 అనేది మీ జీతం భరిస్తున్న ధర తప్ప మీ పని ధర కాదు. రాజీనామా మాట ఎత్తకముందే 7,500 చెప్పి, తెలియనివారికి మాత్రమే అమ్మి, వరుసగా నాలుగు నెలలు ఎన్ని పోతున్నాయో చూడండి. ముట్టుకాడులోని దక్షిణచిత్ర అనే కళల మ్యూజియంలో చేతిపనులవారికి అప్పుడప్పుడు దుకాణాలు ఇస్తుంటారు. అక్కడికి వచ్చేవారు వస్తువును తిప్పి చూసి కొంటారు కాబట్టి మీ ధరకు అది మంచి పరీక్ష. మొహమాటానికి కొన్నవారిని లెక్కలో వేసుకోవద్దు. నేను మొదటి ఏడాది వేసుకుని బోర్లా పడ్డాను.

ఇంకొక సంగతి, నీళ్లు. కరక్కాయ రసంలో, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన కసిం తగలగానే నల్లగా తేలుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. అదే ఇనుము బోరు నీళ్లలో ఉంటే గీత మీదే కాక బట్టంతా నలుపు తిరుగుతుంది. మీ ఊళ్లో స్వర్ణముఖిలో ఉతికిన పనికీ అపార్ట్‌మెంటు బాత్‌రూమ్‌లో ఉతికిన పనికీ తేడా అక్కడే వస్తుంది. గీత పని ఇక్కడ చేసి, పటిక, చవలకొడి (ఎర్ర రంగునిచ్చే వేరు), ఉడకబెట్టడం, ఉతుకు అన్నీ శ్రీకాళహస్తిలో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ రాకపోకలను కూడా ఖర్చులో కలపండి.

జవాబు (అంబత్తూరు నుంచి, ఆడిటరు)

కాగితాల సంగతి నేను చెబుతాను. అయిదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది కాబట్టి మరో అయిదు నెలలు ఆగడం మంచిది. మూల వేతనం 40,000 అయితే, దాన్ని 26తో భాగించి, 15తో, మళ్లీ అయిదేళ్లతో గుణిస్తే సుమారు 1,15,000 అవుతుంది. అమ్మగారి బీమా అంతకంటే ముఖ్యం. సంస్థ ఇచ్చే గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండవచ్చు. అందువల్ల ఆమెకు విడిగా పాలసీ ఇప్పుడే తీసుకుని, ఆ కాలాన్ని ఉద్యోగంలో ఉండగానే గడవనివ్వండి. ఇతర రాష్ట్రాలకు పంపే హస్తకళా వస్తువులకు ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు మినహాయింపు ఉంది, అయితే పాన్, సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు తప్పనిసరి. ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మేటప్పుడు నియమాలు వేరుగా ఉంటాయి కనుక చేరేముందు అడగండి. మరొకటి, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అది ఆ ప్రాంతపు పనికి చెందినది కాబట్టి చెన్నైలో పూర్తిచేసిన బట్ట మీద ఆ పేరు వేయకండి. రంగు, ఉతుకు పనులు అక్కడే పెట్టుకోమన్న పై సలహా ఇందుకూ పనికివస్తుంది, కానీ ఆ గుర్తు వాడే ముందు అధీకృత వాడుకరిగా నమోదు చేయించుకోవాలి.

ప్రశ్నించినవారు

అందరికీ ధన్యవాదాలు. అయిదేళ్లు నిండేవరకు కదలను. అమ్మ పాలసీ దరఖాస్తు నింపుతున్నాను. నిన్న మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లలో కరక్కాయ పట్టిన గుడ్డ ముక్క ముంచి చూశాను. అరగంటలో బూడిద రంగు తిరిగింది. 7,500 ధర చెప్పి మొన్న ఒకరికి ఫొటో పంపాను, ఆలోచించుకుని చెబుతామన్నారు.