పాత ఇళ్ల సామానుకు ఆన్‌లైన్ సంత: గోడౌన్ లేకుండా నడుస్తుందా?

కొత్తసంత:
కూల్చే ఇళ్ల టేకు గుమ్మాలు, కిటికీలు, షాబాద్ బండలు, గర్డర్లు అమ్మడానికి హైదరాబాద్ వరకు ఒక సైటు పెట్టాలన్నది ఆలోచన. సరుకు మేం ముట్టుకోం. అమ్మేవాళ్లు ఫొటో పెడతారు, కొనేవాళ్లు వెళ్లి తెచ్చుకుంటారు, మాకు కమీషన్. గోడౌన్ లేనిదే ఇది నడవదని కొందరంటున్నారు. నిజమేనా?

దూలం:
నిజమే. కూల్చే కాంట్రాక్టరు సామానంతా గుత్తకు మాట్లాడుకుంటాడు. గడువులోగా జాగా ఖాళీ చేయాలి. కొనేవాడికేమో గుమ్మం కావాల్సింది ముహూర్తం చూసి నిలబెట్టే రోజుకి. ఈ రెండు తేదీలూ కలవవు. మధ్యలో సరుకు ఎక్కడో ఉండాలి కదా! మీరు పెట్టకపోతే కలప అడితీవాడు పెడతాడు, లాభమూ వాడిదే.

ఇంకోటి. పాతింటి కలపతో కొత్తింటికి సింహద్వారం పెట్టించుకునేవాళ్లు తక్కువ, ఆ పట్టింపు ఇంకా పోలేదు. మీ దగ్గర కొనేది ఎక్కువగా ఫర్నిచర్ చేసే వడ్రంగులు, రిసార్టుల వాళ్లు. వాళ్లకి ఒకే కొలత సరుకు ఒకేసారి కావాలి. అది పోగుచేస్తేనే వస్తుంది.

చిత్రిక:
దూలం గారూ, ఒప్పుకోను. గోడౌన్ అంటే అద్దె, వానాకాలం చెమ్మ, చెద. సరుకు కదలకపోతే మొదటి ఏడాదే మూత. తేదీలు కలవాలంటే కూల్చాక కాదు, కూల్చడానికి ముందే లిస్టింగు పెట్టాలి. ఇల్లు ఖాళీ చేస్తుండగానే మనిషిని పంపి కొలతలు తీయించండి.

గుమ్మం 7 అడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు, చెక్క 5×3 అంగుళాలు అనుకుందాం. నిలువులు రెండు, అడ్డాలు రెండు కలిపి 21 అడుగులు. 21×5×3÷144 అంటే సుమారు 2.19 ఘనపుటడుగులు. అందులోంచి గడప, నిలువుల కింది అడుగు మేర తీసేసి ధర కట్టాలి, చెమ్మా చెదా ముందు పట్టేది అక్కడే. స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి, సులువుగా దిగిందంటే లోపల డొల్ల. "పాత టేకు, మంచి కండిషన్" అని రాస్తే ఫోన్లు వస్తాయి, బండి రాదు.

మేకులు చేతి మెటల్ డిటెక్టర్‌తో వెతికి పీకించాలి. ఒక్కటి మిగిలినా చిత్రిక మెషిన్ బ్లేడు అంచు పోతుంది, తగువు మీ సైటు మీదకొస్తుంది.

బెల్జియంలో మొదలైన ఒపాలిస్ అనే సైటు చూడండి. అది సరుకు అమ్మదు, పాత సామాను వ్యాపారుల్లో ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో చూపిస్తుంది.

దూలం:
సగమే చెప్పారు. అదే బెల్జియంలో, బ్రసెల్స్‌లో రోటర్ డీసీ వాళ్లు సామాను ఊడదీయించి, శుభ్రం చేసి, జాగా పెట్టుకునే అమ్ముతున్నారు.

పన్నుపద్దు:
గోడౌన్ సంగతి తర్వాత, ముందు డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో తేల్చుకోండి. కొన్నవాళ్ల డబ్బు మీరు వసూలు చేసి అమ్మినవాళ్లకిస్తే జీఎస్టీ కింద 0.5 శాతం టీసీఎస్ (అమ్మినవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టాలి, మీకు రిజిస్ట్రేషన్ తప్పదు. వివరాలు చూపించి ఊరుకుంటే ఆ టీసీఎస్ లేదు, కమీషన్ రాబట్టడమే కష్టం. రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారి 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటి వేదికల మీద సొంత రాష్ట్రంలో అమ్మొచ్చు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. అతని సరుకు విజయవాడ పంపితే మాత్రం చిక్కే.

తుక్కు ఇనుము వేరు: 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే రివర్స్ ఛార్జి కింద పన్ను కట్టుకోవాలి.

కొత్తసంత:
ఇటుకలు, రాడ్లు, సిమెంటు రేకులు?

చిత్రిక:
సున్నపు గచ్చుతో కట్టిన గోడైతే ఇటుక దెబ్బకి విడిపోతుంది, పెట్టండి. సిమెంటు గోడైతే ఇటుకే పగులుతుంది, ఏరిన కూలీ కూడా రాదు. రాడ్లు తూకానికి తుక్కుగానే. ఒకసారి వంగి, సాగదీసి సరిచేసిన రాడ్డుని స్లాబులో మళ్లీ వాడమని ఏ ఇంజినీరూ చెప్పడు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, విరిగితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. అసలు పెట్టనివ్వకండి.

దూలం:
బండల మాటేమిటి? రెండడుగుల చదరం, అంగుళం మందం షాబాద్ బండ ఒక్కటి 24 కిలోల దాకా తూగుతుంది. 400 చదరపు అడుగులకి 100 బండలు, అంటే 2.4 టన్నులు. టాటా ఏస్ మోసేది ముప్పావు టన్ను. ఎక్కించి దించే కూలీ, దారిలో విరిగినవాటి నష్టం ఎవరిదో లిస్టింగులోనే రాయించకపోతే బేరం బండి దగ్గరే తెగిపోతుంది.