కాడి విరిగింది అభిషేకం వల్లనా, బలిసినందుకా? (యెషయా 10:27)

గుత్తి నుంచి ప్రశ్న:
ఉజ్జీవ కూటాల ఫ్లెక్సీకి వాక్యం చూస్తున్నాము. "అభిషేకము వలన కాడి విరుగగొట్టబడును" అని చాలా పోస్టర్ల మీద ఉంటుంది, కింద యెషయా 10:27 అని వేస్తారు. తెలుగు బైబిల్లో తీసి చూస్తే "నీవు బలిసినందున ఆ కాడి విరుగగొట్టబడును" అని ఉంది. అభిషేకం అనే మాటే లేదు. తెలుగు చేసినవాళ్లు వదిలేసినారా, పోస్టరు రాసినవాళ్లు చేర్చినారా? అసలు క్రైస్తవ జీవితంలో అభిషేకం అంటే ఏమని అర్థం చెప్పుకోవాలి?

జమ్మలమడుగు నుంచి:
మనవాళ్లు ఏమీ వదల్లేదన్నా. హెబ్రీలో అక్కడున్న మాట షెమెన్. దానికి నూనె అనీ, కొవ్వు అనీ రెండర్థాలు. అవే హల్లులతో షామేన్ అంటే బలిసిన, కొవ్వు పట్టిన అని. అభిషేకించడానికి హెబ్రీ క్రియ వేరే ఉంది, మాషహ్. అది ఈ వచనంలో లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు "నూనె"ను పట్టుకుని అభిషేకం చేసింది, పోస్టర్లు ఆ దారిన వచ్చినవే. తెలుగు అనువాదకులు "కొవ్వు" వైపు పోయినారు. పాత గ్రీకు అనువాదంలో అయితే ఆ చోట నూనె లేదు, కొవ్వూ లేదు, "మీ భుజాల మీదనుంచి" అని ఉంది. మూలమే కష్టమైన పాఠం.

నాకైతే తెలుగు పాఠమే బాగా కుదిరిందనిపిస్తుంది. సేద్యం తెలిసినవాళ్లకు ఆ బొమ్మ వెంటనే కళ్లకు కడుతుంది. బక్క ఎద్దు మెడ మీద కాడి నిలుస్తుంది. మేత బాగా దొరికి మెడ లావెక్కితే పాత కట్టు పట్టదు, బిగిసి తెగుతుంది. పైన 24వ వచనం నుంచి చదవండి, కాడి వేసినవాడు అష్షూరు రాజు. ఆయన బరువు కింద నలిగిన జనం మళ్లీ బలం పుంజుకుంటారని మాట. ఆ వచనంతో కూటంలో విడుదల గురించి చెప్పొచ్చు, తప్పులేదు. అభిషేకానికి మాత్రం అది రుజువు వాక్యం కాదు.

ఆదోని నుంచి:
దీనికి జోడుగా కీర్తన 23:5 కూడా చూడండి. "నూనెతో నా తల అంటియున్నావు". అక్కడా మాషహ్ లేదు. దిష్షన్‌తా అని ఉంది, అంటే కొవ్వెక్కించినావు, జిడ్డుగా నిగనిగలాడేట్టు చేసినావు అని. అది యాజకుణ్ణి ప్రతిష్ఠించే నూనె కాదు, విందుకు వచ్చిన చుట్టానికి తలకు పెట్టే నూనె. మనవాళ్లు "అభిషేకించి" అని రాయకుండా "అంటి" అన్నారు చూడండి, తలంటు తెలిసిన ఇంట్లో పుట్టిన మాట అది. ఈ ఒక్క క్రియ కోసం వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఇక మాషహ్. దాని ఉత్త అర్థం పూయడం, రాయడం. నిర్గమ 29:2లో పలచని అప్పడాలకు నూనె పూయడం మాషహ్. యెషయా 21:5లో డాళ్లకు చమురు రాయడమూ మాషహే. దాన్నుంచే మెస్సీయ. సంస్కృతంలో అభిషేకం అలా కాదు. అభి, సిచ్ ధాతువు, అంటే పైనుంచి చిలకరించడం, పోయడం. మహానందిలోనో యాగంటిలోనో శివునికి చేసే అభిషేకం ఎట్లుంటుందో అందరికీ తెలుసు, ధారగా పోస్తారు. అందుకే తెలుగు చెవికి అభిషేకం అనగానే "పైనుంచి కురవడం" తడుతుంది, "పూయడం" తట్టదు. అహరోను తలమీద పోసినారు (లేవీ 8:12), సౌలు తలమీద పోసినారు (1 సమూయేలు 10:1), కాబట్టి అనువాదం తప్పు కాదు. కానీ ఊహ అంతా కురవడం చుట్టూనే తిరుగుతుంది.

మూలానికి ఇంకా దగ్గరి మాట కతోలిక సంఘం వాళ్ల దగ్గరుంది: అభ్యంగనం. అభి, అంజ్ ధాతువు, పూయడమనే అర్థం. భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరచే సంస్కారం), అవస్థ అభ్యంగనం (రోగికి చేసేది) అని వాళ్ల పాత పేర్లు. పండగనాటి అభ్యంగన స్నానం కూడా ఇదే మాట.

ప్రొద్దుటూరు నుంచి:
ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది. ఆత్మీయ అభిషేకానికి అసలు చోటు 1 యోహాను 2:20, 27. 2 కొరింథీ 1:21, 22. మొదటి దాంట్లో గ్రీకు మాట క్రిస్మ. అంతకు ముందు 18వ వచనంలోనే అంతిక్రిస్తోస్ ఉంది. క్రిస్తోస్, క్రిస్మ, అంతిక్రిస్తోస్ ఒకే వేరు నుంచి వచ్చినవి. తెలుగులో క్రీస్తు, అభిషేకము, క్రీస్తు విరోధి అని విడిపోయేసరికి ఆ ముడి కనపడదు. గ్రీకులో వినేవాడికి "వాళ్లు అభిషిక్తుడికి ఎదురు నిలిచినవాళ్లు, మీరు ఆ అభిషేకంలో పాలుపొందినవాళ్లు" అని సూటిగా తగులుతుంది.

కాలాలు గమనించండి. "అభిషేకము పొందినవారు", అయిపోయిన పని. "మీలో నిలుచుచున్నది", ఇప్పటికీ ఉంది. సంఘంలో అందరికీ రాసిన మాట ఇది, పాస్టరయ్యకు ఒక్కడికే కాదు. ఇప్పుడు "పాటలో అభిషేకం దిగింది", "ఆయనకు అభిషేకం ఎక్కువ" అంటున్నామే, ఆ వాడుక యోహాను వాక్యంలో కుదరదు. దిగేది, ఎక్కేది అనుకుంటే, ఒంట్లో కదలిక లేని వారం అభిషేకం పోయిందని విశ్వాసి దిగులు పడతాడు. ఆ దిగులు నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పట్టాభిషేకం అనే మాటతో కలిపి వింటే చిక్కు విడిపోతుంది. పట్టం కట్టినాక రాజు ఆ పూట నీరసంగా ఉన్నా రాజే. అభిషేకం ముందు నియామకం. ఉద్రేకం ఉండొచ్చు, లేకపోవచ్చు. లూకా 4:18లోనూ అంతే, "బీదలకు సువార్త ప్రకటించుటకై ఆయన నన్ను అభిషేకించెను". పని పేరు వెంటనే చెప్పినారు.

అదే 27వ వచనంలో ఉన్న "ఎవడును మీకు బోధింపనక్కరలేదు" అనే మాటను పట్టుకుని బైబిలు స్టడీ మానేసేవాళ్లున్నారు. 26వ వచనం చూడండి, మోసపరచేవాళ్ల గురించి రాస్తున్నాడు. కొత్త మర్మం చెప్తామని వచ్చేవాళ్లు మీకు అక్కరలేదని భావం. బోధే వద్దంటే యోహాను ఆ ఉత్తరమే రాసి ఉండడు.

హిందూపురం నుంచి:
అక్కా, "రెట్టింపు అభిషేకం" సంగతి కూడా చెప్పండి. ఏలీయాకు ఉన్నదానికి రెట్టింపు ఎలీషా అడిగినాడంటారే, అది.

ప్రొద్దుటూరు నుంచి:
2 రాజులు 2:9లో "రెండు పాళ్లు" అని ఉంది తమ్ముడూ. ఇది ఆస్తి పంపకం మాట. ద్వితీయోపదేశ 21:17లో పెద్దకొడుకు భాగానికి హెబ్రీలో ఇదే పదబంధం. ఇద్దరు కొడుకులుంటే ఆస్తిని మూడు పాళ్లు చేసి పెద్దోడికి రెండు ఇస్తారు. ఎలీషా అడిగింది జ్యేష్ఠుని వాటా, అంటే ఏలీయా తర్వాత ఆ పని తనకు అప్పజెప్పమని. ఏలీయాకు ఉన్నదానికి రెండింతలు కాదు.

హిందూపురం నుంచి:
ఇంకొకటి. రోగికి రాసే నూనె ఒలీవదే కావాల్నా? నిర్గమ 30లో ఉన్న కొలతలతో ఇంట్లో చేసుకోవచ్చునని కొందరంటున్నారు.

ఆదోని నుంచి:
యాజకుల ప్రతిష్ఠకు వాడే నూనె, రోగికి రాసే నూనె, ఈ రెండూ వేర్వేరు, కలపకూడదు. నిర్గమ 30:23, 24లో గోపరసం 500 తులాలు, లవంగిపట్ట 250, నిమ్మగడ్డి నూనె 250, మళ్లీ లవంగిపట్ట 500, ఒలీవ నూనె మూడు పళ్లు. లవంగిపట్ట రెండుసార్లు రావడం అచ్చుతప్పు కాదు, హెబ్రీలో అవి కిన్నమోన్, కిద్దా అనే రెండు చెక్కలు. ఈ పళ్లు తినే పళ్లు కావు, పడి కొలతకు బహువచనం. మూలంలో ఒక హీను (హెబ్రీ వాళ్ల ద్రవాల కొలత), మనవాళ్లు దాన్ని మూడు పళ్లుగా లెక్కగట్టినారు. అందుకే పావు హీను వచ్చిన చోట "ముప్పావు" అని, అర హీను వచ్చిన చోట "పడిన్నర" అని ఉంటుంది. తులం అంటే ఇక్కడ హెబ్రీ తూకం షెకెలు, సుమారు 11 గ్రాముల పైచిలుకు. మొత్తం 1500 తులాలు, దగ్గర దగ్గర 17 కిలోల సరుకు. హీను నూనె కొన్ని లీటర్లే. ఊరికే కలిపితే ముద్దవుతుంది. యూదు పండితులు దీన్ని చర్చించినారు: చెక్కలను నీళ్లలో నానబెట్టి, పైన నూనె పోసి, వాసన పట్టినాక నూనెను పైకి తీసేవాళ్లని ఒక మాట. పైగా 32, 33 వచనాలు అలాంటిది వేరే పనికి చేయొద్దని గట్టిగా ఆపుతున్నాయి.

యాకోబు 5:14 సంగతి వేరు. అక్కడ గ్రీకులో అభిషేకించడానికి వాడే "క్రియో" అనే మాట లేదు, "అలైఫో" ఉంది, అంటే మామూలుగా నూనె రాయడం. తెలుగులో "నూనె రాచి". (రాసి కాదు, రాచి.) ఆ దేశంలో నూనె అంటే ఒలీవదే, మనకు చెనిక్కాయ నూనె ఎట్లో అట్ల. ఒలీవ దొరకని చోట వేరే మొక్కల నూనె వాడొచ్చునని కతోలిక సంఘం 1972లో తీర్మానించింది, నుదుటికి, చేతులకు రాస్తారు. వాక్యంలో స్వస్థపరచేది "విశ్వాససహితమైన ప్రార్థన". సీసా మీద నమ్మకం పెట్టించి అమ్మితే ఆ వచనానికి అడ్డం పోయినట్టే. మందు మానమని కూడా అక్కడ లేదు.

గుత్తి నుంచి:
చాలా మేలు చేసినారు. ఫ్లెక్సీకి 2 కొరింథీ 1:21, 22 వేస్తాము. అందులో "సంచకరువు" అని ఉంది, చదివేవాళ్లకు తెలుస్తుందా?

జమ్మలమడుగు నుంచి:
బేరం కుదిరినాక ముందు ఇచ్చే బయానా అన్నా. అనంతపురం పక్క కన్నడం తెలిసినవాళ్లకు సంచకార అంటే చాలు. ఆత్మను బయానాగా ఇచ్చినాడు, మిగతాది ఖాయం అని. కింద చిన్న అక్షరాల్లో "బయానా" అని వేయండి.

ప్రింటుకు ఇచ్చేముందు ఒకటి సరిచూడండి. "అభిశేకం" అని శ పెడుతున్నారు, తప్పు. ముందు ఇకారం ఉండబట్టి సేకం షేకమైంది. అభిషేకం, అభిషిక్తుడు, రెండింటికీ పొట్టలో చుక్క ష. "అభిషేకించినవాడు" ఒకే మాట, మధ్యలో విడగొట్టొద్దని డీటీపీ అబ్బాయికి చెప్పండి.