పాత నెగటివ్‌లు, స్లైడ్లు ఇంట్లోనే స్కాన్ చేయడానికి ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొనాలా, ఉన్న కెమెరా చాలా?

గోదారి_గట్టు:

నమస్కారమండీ. ఇంట్లో ఉన్న పాత ఫిల్మంతా డిజిటల్‌లోకి ఎక్కించాలి. 35 ఎంఎం కలర్ నెగటివ్‌లు సుమారు 60 రీళ్లు, ఎక్కువగా 1985 నుంచి 2003 మధ్యవి, ముక్కలుగా కోసి ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. అంతకు ముందువి ఇందు బ్రాండు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, 120 సైజు (35 ఎంఎం కంటే వెడల్పైనది), అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసినవి. ఇవి కాక అమెరికాలో ఉన్న బంధువుల దగ్గర్నుంచి వచ్చిన కోడాక్రోమ్ (కోడాక్ వారి రంగుల స్లైడ్ ఫిల్ము) స్లైడ్లు రెండు పెట్టెలు, అన్నీ అట్ట ఫ్రేములవే.

నా దగ్గరున్నవి 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (35 ఎంఎం ఫ్రేము కంటే చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్/1.8, ఓ ట్రైపాడ్. వీటితో పని అవుతుందా, లేక ఎప్సన్ వీ600 లాంటి ఫ్లాట్‌బెడ్ తీసుకోవడం మేలా? ట్యాబ్ స్క్రీన్ తెల్లగా పెట్టి దాని మీద నెగటివ్ ఉంచితే సరిపోతుందని కొందరు అంటున్నారు, నిజమేనా? కొన్ని 120 నెగటివ్‌ల మీద సాలెగూడులా బూజు కూడా ఉంది, వాటినేం చేయాలి?

డార్క్‌రూమ్_బెజవాడ:

కెమెరాతోనే చేయండి. 60 రీళ్లంటే రెండు వేల పైచిలుకు ఫ్రేములు. ఫ్లాట్‌బెడ్‌లో ఒక్కో ఫ్రేముకు నిమిషాలు పడుతుంది, కెమెరాకి సెకన్లు చాలు. వివరం సంగతి చూసినా, 36 మి.మీ. ఫ్రేమును 6000 పిక్సెళ్ల వెడల్పులో నింపితే అంగుళానికి 4200 పిక్సెళ్ల పైమాటే. చేత్తో పట్టుకుని మామూలు కెమెరాతో తీసిన కలర్ ఫిల్ములో అంతకు మించి రాబట్టేది ఏమీ ఉండదు.

కిట్ లెన్స్ పక్కన పెట్టండి. మీ 50 ఎంఎంకి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు) వేస్తే మొదలుపెట్టొచ్చు. ఎంత ట్యూబు కావాలో లెక్క తేలికే. సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ., ఫ్రేము 36, అంటే 0.65 రెట్లు. 50ని 0.65తో గుణిస్తే దాదాపు 33 మి.మీ. లెన్స్ ముందుకు జరగాలి. దగ్గరి ఫోకస్‌కి తిప్పితే లెన్స్ తనంతట తాను ఓ 6, 7 మి.మీ. జరుగుతుంది, మిగతాది 10, 16 మి.మీ. ట్యూబులు రెండూ కలిపి వేస్తే వచ్చేస్తుంది. అప్పుడు ఫిల్ము నుంచి సెన్సర్‌కి దూరం సుమారు 21 సెం.మీ. ఉంటుంది, స్టాండు ఎత్తు ఆ లెక్కన చూసుకోండి.

దీనికో లోపం ఉంది. 50 ఎంఎం ఎఫ్/1.8ని దూరపు వస్తువుల కోసం చేశారు, ఇంత దగ్గర్లో మధ్యభాగం పదునుగా వచ్చినా మూలలు మెత్తబడతాయి. ఎఫ్/8కి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. అది చాలదనిపిస్తే పాత మాన్యువల్ మైక్రో-నిక్కార్ 55 ఎంఎం సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. అది సొంతంగా సగం సైజు (0.5 రెట్లు) దాకా వెళ్తుంది, అడాప్టర్‌తో పాటు 8, 10 మి.మీ. ట్యూబు వేస్తే 0.65 అందుతుంది. బల్లపరుపుగా ఉన్నదాన్ని తీయడానికే చేసిన లెన్స్ కాబట్టి నాలుగు మూలలూ ఒకేలా వస్తాయి.

ఎఫ్/16కి మాత్రం వెళ్లొద్దు. ఇంత దగ్గర్లో అసలు అపర్చర్ రాసినదానికంటే చిన్నదవుతుంది: ఎఫ్/8 పెడితే 8 × 1.65, అంటే ఎఫ్/13 లెక్క. ఎఫ్/16 పెడితే ఎఫ్/26 అయిపోతుంది, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా కాంతి చెదరడం) వల్ల గ్రెయిన్ (ఫిల్ము రేణువులు) కరిగిపోయినట్టు కనిపిస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టాలంటే ముందు లైటు మీద పెట్టండి. ట్యాబ్ స్క్రీన్ రెండు కారణాల వల్ల పనికిరాదు. ఫిల్ము నేరుగా దాని మీద ఉంటే స్క్రీన్ పిక్సెళ్లు ఫోటోలో గడులుగా దిగుతాయి. ఎత్తు పెంచి ఆ బాధ తప్పించినా, స్క్రీన్ తెలుపంటే మూడు రంగుల మిశ్రమమే, వాటి మధ్య ఉండాల్సిన కాంతి బలహీనంగా ఉంటుంది. నెగటివ్‌ని కంప్యూటర్‌లో పాజిటివ్ రంగుల్లోకి తిప్పాక ఒంటిరంగు సరిగ్గా రాదు. సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 95 దాటిన చిన్న వీడియో ఎల్ఈడీ ప్యానెల్ తీసుకోండి. సైన్‌బోర్డులు చేసే షాపులో 3 మి.మీ. పాలరంగు అక్రిలిక్ ముక్క కోయించి ప్యానెల్ మీద పెట్టండి. అక్రిలిక్‌కీ ఫిల్ముకీ మధ్య 3 నుంచి 5 సెం.మీ. ఖాళీ ఉండాలి, అప్పుడు అక్రిలిక్ మీది దుమ్ము, గీతలు ఫోకస్‌లో పడవు.

ఫ్రేము బయట ఉన్న వెలుగంతా నల్ల చార్టుతో మూసేయండి. చాలామంది వదిలేసే పని ఇదే. పక్కనుంచి లెన్స్‌లోకి దూరిన వెలుగు వల్ల నెగటివ్ కాంట్రాస్ట్ పడిపోతుంది. గదిలో లైట్లు కూడా ఆపాలి, లేకపోతే ఫిల్ము మెరిసే వైపు మీద కెమెరా ప్రతిబింబం పడుతుంది.

ఫిల్ము వంగకుండా పట్టుకోవడానికి, మూతపడ్డ స్టూడియోల ఎన్లార్జర్లలోని (నెగటివ్‌ని పెద్ద ప్రింటుగా వేసే యంత్రాలు) నెగటివ్ క్యారియర్ దొరికితే దాన్ని మించింది లేదు. 35 ఎంఎంకీ 6×6కీ (మీ 120 చదరపు ఫ్రేము) వేర్వేరుగా ఉంటాయి. గాజు మధ్య పెట్టి నొక్కొద్దు, మెరిసే వైపు గాజుకి తగిలితే ఇంద్రధనుస్సు రంగుల్లో వలయాలు వస్తాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, సెన్సరూ ఫిల్మూ సమాంతరంగా ఉండడం. ఎఫ్/8 దగ్గర కూడా పదును నిలిచే మందం అర మిల్లీమీటరు చిల్లర మాత్రమే. స్పిరిట్ లెవల్ మీద ఆధారపడొద్దు. ఫిల్ము ఉండాల్సిన చోట చిన్న చదునైన అద్దం పెట్టి లైవ్ వ్యూలో చూడండి. అద్దంలో మీ లెన్స్ నల్లటి గుండ్రంగా కనిపిస్తుంది. ఆ గుండ్రం సరిగ్గా ఫ్రేము నడిమధ్యకి వచ్చేదాకా కెమెరాని కొద్దికొద్దిగా వంచండి. వచ్చాక బిగించి, అద్దం తీసేయండి. ట్రైపాడ్ కాలో తలో కదిలితే మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి. అందుకే పొడవైన పనికి పాత ఎన్లార్జర్ స్తంభానికి కెమెరా బిగించడం నయం.

ఐఎస్ఓ 100, రా ఫైలు (కెమెరా మార్చకుండా ఇచ్చే ముడి ఫైలు), మాన్యువల్ ఎక్స్‌పోజర్, 2 సెకన్ల టైమర్. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఎల్ఈడీ చారలు రావచ్చు. ముందు ఫిల్ము లేకుండా 1/500 దగ్గర ఉత్త ప్యానెల్‌ని ఓసారి తీసి చూడండి. చారలుంటే మెకానికల్ షట్టర్‌కి మారి 1/25 లేదా ఇంకా నెమ్మదిగా తీయండి.

వైజాగ్_గ్రెయిన్:

పై గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ, ఫ్లాట్‌బెడ్‌ని అంత తేలిగ్గా కొట్టేయకండి. వీ600లో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ము, గీతలు గుర్తించి పూడ్చే డిజిటల్ ఐస్ ఉంది. కలర్ నెగటివ్‌ల రంగుల గుండా ఇన్‌ఫ్రారెడ్ దూసుకుపోతుంది, దుమ్ము మాత్రం అడ్డు తగులుతుంది, ఆ తేడాతో పని చేస్తుంది. ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి రాసుకున్న 60 రీళ్లలో చేత్తో మచ్చలు తుడిచే సమయం లెక్క వేసుకుంటే, స్కానర్ నెమ్మది పెద్ద విషయం కాదు. కెమెరాకి ఆ సౌకర్యం లేదు.

అయితే మీ ఇందు నెగటివ్‌ల మీద ఐస్ వాడకూడదు. అందులో బొమ్మే వెండి, అది ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది. స్కానర్ బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. కోడాక్రోమ్‌తోనూ పేచీ ఉంది, అంచుల దగ్గర చిత్రం పాడవుతుంది.

వీ600 డబ్బా మీద 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని ఉన్నా ఆ స్కానర్ లెన్స్ నిజంగా అందించేది అందులో కొంతే. 35 ఎంఎంకి 3200 దాటి స్కాన్ చేస్తే ఫైలు ఉబ్బడం తప్ప ఫలితం లేదు. 120కి 2400 చాలు: 56 మి.మీ. చదరానికి 5300 పిక్సెళ్లు వస్తాయి. అదే చదరాన్ని మీ కెమెరా ఒక్క షాట్‌లో తీస్తే 4000 దగ్గర ఆగుతుంది. క్లిక్ త్రీది సాదా లెన్సే కాబట్టి ఆ తేడా మీ నెగటివ్‌లలో పెద్దగా కనిపించదు. మంచి కెమెరాతో తీసిన 120 ఉన్నవాళ్లకి మాత్రం పట్టించుకోవాల్సిందే.

స్లైడ్_ట్రే:

స్లైడ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది చెప్తాను. నెగటివ్‌కీ స్లైడ్‌కీ ఎక్స్‌పోజర్ పద్ధతి వేరు.

నెగటివ్‌లో కాంట్రాస్ట్ తక్కువ. ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ నారింజ పట్టీయే అన్నిటికన్నా వెలుగైన భాగం. ఆ పట్టీలో ఎరుపు ఛానెల్ తెగిపోకుండా (వెలుగు ఎక్కువై వివరం పోకుండా) ఉన్నంతలో ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, రీలంతా అదే సెట్టింగ్‌తో తీయండి. ప్రతి ఫ్రేములో ఆ పట్టీ సన్నగా కనిపించేలా ఉంచుకుంటే రంగులు తిప్పేటప్పుడు దాని మీద క్లిక్ చేసి మొదలుపెట్టొచ్చు. ఆ నారింజ రంగు వెలిసిపోవడం వల్ల వచ్చింది కాదండీ. నీలాకుపచ్చ, మెజెంటా రంగుల్లో ఉండే లోపాన్ని సరిచేయడానికి ఫిల్ము తయారీలోనే పెట్టిన మాస్క్ అది.

స్లైడ్‌లో అంతా తలకిందులు. నీడలు బాగా చిక్కగా ఉంటాయి, తెల్లని చోట్లు తెగితే మళ్లీ రావు. వైట్ బ్యాలెన్స్ ఉత్త లైటు మీద పెట్టుకోండి, ఎక్స్‌పోజర్ తెలుపుకి సరిపెట్టండి, ఆపైన రెండు స్టాపులు (నాలుగు రెట్ల వెలుగు) ఎక్కువగా ఇంకో షాట్ తీసి ఉంచండి. కోడాక్రోమ్ నీడల్లో నీలం ఛాయ తేలుతుంది, అది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని కర్వ్స్‌లో తగ్గించుకోవాలి. పెట్టెలో నిజంగా కోడాక్రోమ్ ఎన్ని ఉన్నాయో చూడాలంటే, మెరుపు లేని వైపుని వాలుగా వెలుగులో పట్టుకోండి. బొమ్మ గీతలు ఉబ్బెత్తుగా చెక్కినట్టు కనిపిస్తే కోడాక్రోమే.

అట్ట ఫ్రేములో ఫిల్ము మధ్యలో ఉబ్బి ఉంటుంది. లైటు మీద ఓ నిమిషం ఆగనిచ్చి, కదలిక ఆగాక ఫోకస్ చేయండి. నడిమధ్యన కాకుండా మధ్యకీ అంచుకీ నడుమ ఫోకస్ పెడితే రెండు వైపులా సర్దుకుంటుంది.

ఏ వైపు కెమెరాకి పెట్టాలన్నది మరో తికమక. మెరుపు లేని వైపు పైకి పెట్టి తీసి, తర్వాత కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పుకుంటే ప్రతిబింబాల గొడవ తగ్గుతుంది. అంచు మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తే మీరు చూస్తున్నది ఆ వైపే.

నెగటివ్ తిప్పడానికి ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్‌లో నెగాడాక్టర్, రాథెరపీలో ఫిల్మ్ నెగటివ్ అనే పరికరం ఉన్నాయి. లైట్‌రూమ్ వాడేవాళ్లు డబ్బు పెట్టి నెగటివ్ ల్యాబ్ ప్రో తీసుకుంటారు. ఫోటోషాప్‌లో ఇన్వర్ట్ నొక్కి వదిలేస్తే వచ్చేది నీలి పొగ మాత్రమే, ఎందుకంటే నారింజ మాస్క్ తీసేయలేదు.

గోదారి_గట్టు:

అందరికీ ధన్యవాదాలండీ. ట్యూబులు, ప్యానెల్, అక్రిలిక్ తెచ్చి ఒక రీలు తీశాను. పదును బాగుంది. కానీ రంగులు తిప్పాక నాలుగు మూలలూ తెల్లగా తేలుతున్నాయి, ఆకాశం ఉన్న ఫ్రేముల్లో మూలల రంగు కూడా మధ్యలో ఉన్నట్టు లేదు. అసలు ఫిల్మే అలా ఉందా?

డార్క్‌రూమ్_బెజవాడ:

ఫిల్ము కాదండీ. మీ షాట్‌లో మూలలకి వెలుగు తక్కువ అందుతోంది. నెగటివ్‌లో చీకటి, తిప్పాక తెలుపు. నెగటివ్ కాంట్రాస్ట్‌ని మనం బాగా పెంచుతాం కాబట్టి కంటికి తెలియని తేడా కూడా పైకి వస్తుంది. ప్యానెల్ చిన్నదైతే అలా అవుతుంది, 50 ఎంఎం లెన్స్ సహజంగా మూలల్ని కొంచెం చీకటి చేస్తుంది, రెండూ కలిసి ఉండొచ్చు.

ఫిల్ము తీసేసి, అదే ఎత్తు, అదే ఫోకస్, అదే అపర్చర్‌తో ఉత్త లైటుని ఒక షాట్ తీయండి, తెలుపు తెగకుండా చూసుకోండి. రాథెరపీలో ఫ్లాట్-ఫీల్డ్‌కి ఆ ఫైలు ఇస్తే ప్రతి ఫ్రేము నుంచి ఆ తేడా తీసేస్తుంది. లైట్‌రూమ్‌లోనూ ఫ్లాట్-ఫీల్డ్ కరెక్షన్ ఉంది. ఇది రంగులు తిప్పడానికి ముందే జరగాలి. అమరిక మార్చినప్పుడల్లా కొత్తగా ఉత్త లైటు షాట్ తీసుకోవాలి. మూలలు సరై, మధ్యలో మాత్రం పొగమంచులా ఉంటే అది వేరే జబ్బు, నల్ల చార్టు మాస్క్ ఇంకా దగ్గరికి జరపాలి.

పాతపెట్టె:

బూజు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. దాన్నే ముందు చూడాల్సింది. బూజు పట్టిన ముక్కల్ని ఈరోజే మిగతావాటి నుంచి వేరు చేయండి. పాత కవర్లు పారేయండి, మళ్లీ వాడొద్దు.

నీళ్లతో కడగొద్దు. ఫిల్ము మీది పొర జెలటిన్, బూజు తినేది దాన్నే. తిన్నచోట జెలటిన్ నీళ్లకి కరిగే స్థితికి వచ్చేస్తుంది, తడి తగిలితే బొమ్మతో సహా జారిపోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్ల లేదా మెత్తని మైక్రోఫైబర్ ముక్క తీసుకుని ముందు మెరిసే వైపు తుడవండి. మెరుపు లేని వైపు తుడవాల్సి వస్తే బొమ్మ లేని అంచు మీద పరీక్షించాకే, రుద్దకుండా ఒకే దిశలో. మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్ వాడొద్దు, మిగతా 30 నీళ్లే. బూజు లోపలికి తొలిచిన గీతలు తుడిస్తే పోవు. అలాంటివాటిని ఉన్నదున్నట్టు స్కాన్ చేసి, కంప్యూటర్‌లో చూసుకోవడమే.

ముక్కల్లో ఏదైనా వెనిగర్ వాసన వేస్తే దాన్నీ విడిగా పెట్టి ముందు స్కాన్ చేయండి. అసిటేట్ ఫిల్ము రసాయనికంగా పాడైపోతున్న గుర్తు అది, ఆ ఆవిరి పక్కన ఉన్నవాటినీ తొందరపెడుతుంది. స్కాన్ అయ్యాక మంచివాటిని పాలీప్రొపిలీన్ లేదా ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టి, సిలికా జెల్‌తో గాలి చొరబడని డబ్బాలో ఉంచండి. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. మీ గోదావరి తీరాన వానాకాలం గాలి ఆ లెక్కకి చాలా పైన ఉంటుంది కాబట్టి జెల్‌ని అప్పుడప్పుడు వేడి చేసి తేమ పోగొట్టాలి. నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు.

ఫైళ్ల విషయం కూడా. రా ఫైలు ఒక్కోటి 30 ఎంబీ అనుకున్నా రెండు వేలకి 60 జీబీ. అన్నిటినీ 16 బిట్ టిఫ్ (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు రకం) చేస్తే ఒక్కోటి 144 ఎంబీ, అక్కడే 300 జీబీ దగ్గరికి వెళ్తుంది. రా ఫైళ్లన్నీ, ఆ ఉత్త లైటు షాట్లూ రెండు వేర్వేరు డిస్కుల్లో దాచి, టిఫ్ ప్రింటు వేయించేవాటికి మాత్రమే చేసుకోండి. కవరు మీద పెన్నుతో రాసి ఉన్న ఊరు, పెళ్లి, సంవత్సరం ఫోల్డరు పేరులో అలాగే దించండి, కవర్లు పారేసేలోపు.